పగటి నిద్ర గది

మా ఇల్లు నేను మొదట నిద్రలో కట్టాను. అదీ పగటి నిద్రలో.

నైటు డ్యూటీ దిగి, సిద్ధగోరాలో మా కంపెనీ క్వార్టరుకి వచ్చి, రెండు ముద్దలు తిని పడుకుంటే నిద్ర పూర్తిగా పట్టేది కాదు, అలాగని పూర్తిగా వదిలేదీ కాదు. పక్కింటి కుక్కరు కూతలు, తోపుడు బండివాడి "ఆలూ, ప్యాజ్" కేకలు, బడిపిల్లల ఆటో హారను, అన్నీ చెవిన పడుతూనే ఉండేవి. కానీ అవి నా చెవిన కాదు, పక్క మంచంమీద ఉన్న ఇంకెవరి చెవినో పడుతున్నట్టుండేది. సరిగ్గా ఆ వేళకి, సువర్ణరేఖ నది అవతల, మాంగోలో మాకున్న రెండు గదుల రేకుల ఇల్లు మెల్లగా లేచి నిలబడేది. సిమెంటు రేకులు వాటంతటవే పక్కకి తప్పుకునేవి. వాటి చోట స్లాబు వచ్చి కూర్చునేది. గోడలు నునుపు తేలేవి. వంటింట్లో కుళాయి తిప్పకుండానే నీళ్ళు వచ్చేవి. మేస్త్రీ ఎవడూ కనిపించేవాడు కాదు, డబ్బుకి చెయ్యి చాపేవాడూ లేడు. అంత చవగ్గా ఇల్లు కట్టినవాడు ఈ ఊళ్ళో ఇంకొకడుంటే నాకు చూపించండి.

నేను క్రేను ఆపరేటర్ని. ఉక్కు ప్లాంటులో షెడ్డు కప్పు కింద పట్టాలమీద నడిచే పెద్ద క్రేను ఉంటుంది. దాని క్యాబిన్లో కూర్చుని, కింద ఎర్రగా కాలే ఇనుముని ఎత్తి ఇక్కడినుంచి అక్కడ పెట్టడం నా పని. ఒక వారం పొద్దుటి డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. పెళ్ళికి ముందు మొదలైన ఈ తిప్పుడు ముప్పై ఏళ్ళు దాటినా ఆగలేదు. మా నాన్న శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఇక్కడ కూలీగా మొదలుపెట్టాడు. నేను భాలుబాసాలో పుట్టాను. "రిటైరయ్యాక మీ ఊరు వెళ్ళిపోతారా?" అని ఎవరైనా అడిగితే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఏ ఊరు వెళ్ళాలండీ? నా ఊరు ఇదే. ఈ ఊళ్ళో నాకు కావలసిందల్లా కారని కప్పు ఒక్కటి.

రిటైరైతే క్వార్టరు తాళాలు కంపెనీకి ఇచ్చెయ్యాలి. అందుకే వయసులో ఉండగా మాంగోలో చిన్న స్థలం కొని, రెండు గదులు లేపి, రేకులు కప్పి, అద్దెకిచ్చాం. ఆ రేకుల కింద ఎండాకాలం మనిషి ఉడుకుతాడు, వానాకాలం నానుతాడు. చలికాలం ఒక్కటే కాస్త మనిషిలా ఉంటాడు. అద్దెవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళాక, రిటైర్మెంటు ఇంకో ఏడాదిలో ఉందనగా, ఇల్లు బాగుచేయించాలని మేమిద్దరం కూర్చుని అనుకున్నాం.

ఆ సాయంత్రం నాకు బాగా గుర్తు. మా ఆవిడ క్వార్టరు వెనక అరుగుమీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. మా వైపు ఆడవాళ్ళు చాలామంది పిలిచినట్టే నన్ను మావా అనే పిలుస్తుంది.

"నాకు పెద్ద ఇల్లేటీ ఒద్దు మావా," అంది. "రాత్రికి నువ్వు ఇంట్లో ఉంటే సాలు. నువ్వు నైటు డ్యూటీకి ఎల్లిన వారమంతా లైటు ఏసుకునే పడుకుంతన్నాను నాను. ఇంక ఆ లైటు ఆర్పీయాలని ఉంది."

"ఆర్పీద్దాం," అన్నాను.

అంత తేలిగ్గా అనేశాను. నాకూ అదే ఆశ. మూడు వారాలకి ఒక వారం నా రాత్రుల్ని ప్లాంటు తీసేసుకుంది, మిగిలిన వారాల్లో సగం సగం చింపి ఇచ్చింది. మధ్యాహ్నం డ్యూటీ చేసి ఇంటికి చేరేసరికి ఊరంతా పడుకునేది. పొద్దుటి డ్యూటీ అంటే కోడి కంటే ముందు లేవాలి. అందుకే రిటైర్మెంటు అంటే నాకు తీర్థయాత్రలూ, పేపరు చదువుకోవడాలూ తట్టవు. వరసగా రాత్రులు, ఒకదాని పక్కన ఒకటి, అన్నీ నావే, ఎవరూ పిలవని రాత్రులు. డబ్బు వస్తుంది, అది బేంకులో వేసుకుంటే ఇద్దరికీ గంజికీ పప్పుకీ లోటుండదు. దాన్ని ఇంటికి పొయ్యకుండా ఉంటేనే ఆ మాట.

పోస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ప్లాంటులో కాంట్రాక్టు పనివాళ్ళని పెట్టే ఏజెన్సీ ఒకటుంది. దాని సూపర్‌వైజరు ఒకరోజు నా భుజంమీద చెయ్యేసి, రిటైరైన ఆపరేటర్లని మళ్ళీ తీసుకుంటున్నాం, అదే క్రేను, అవే షిఫ్టులు, జీతం మాత్రం తక్కువ, ఆలోచించి చెప్పు, అన్నాడు. ఇల్లు ఎంతలో తేలుతుందో చూసి చెబుతానన్నాను. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను.  ఆ రోజునుంచీ ఇంటి పని మా ఇద్దరిమధ్య వేరే రకంగా నడిచింది.

మొదట అనుకున్నది చిన్న పనే. రేకులు తీసి స్లాబు వెయ్యడం. మిస్త్రీ, అంటే ఇక్కడి మేస్త్రీ, వచ్చి గోడని పిడికిలితో రెండు గుద్దులు గుద్ది, ఈ గోడ స్లాబుని మొయ్యదు అన్నాడు. సరే, పిల్లర్లు. పిల్లర్లకి తవ్వితే కింద మురుగు గొట్టం పగిలి ఉంది. సరే, అదీ మార్చు. గొట్టం మారిస్తే స్నానాలగది నేల లేపాలి. నేల లేపితే గుమ్మం లేపాలి. నేను ఏ ప్రశ్న అడిగినా వాడి దగ్గర ఒకటే జవాబు: "హో జాయేగా, చాచా." అయిపోతుంది, అని. ఏది అయిపోతుందో మాత్రం చెప్పేవాడు కాదు.

ఈలోగా వానలు పట్టాయి. నదిలో ఇసక తియ్యడం ఆపేశారు. మా ఇంటికి కూతవేటు దూరంలో నది, నదినిండా ఇసక, కానీ నాకు కావలసిన ఇసక ఎక్కడో ఎవరో దాచుకున్న గుట్టలోంచి నోటికొచ్చిన ధరకి రావాలి. సిమెంటు సరేసరి. రాడ్ల దగ్గర నా కడుపు మండిపోయింది. పొద్దంతా నేను ఎత్తి దించే ఇనుము, మాంగో బజారు దుకాణానికి వచ్చేసరికి నన్నెప్పుడూ చూడనట్టు ధర చెప్పింది. ఉండబట్టలేక "ఇది నేను ఎత్తిందేనయ్యా" అన్నాను దుకాణదారుతో. "తో క్యా హువా, అంకిల్?" అన్నాడు వాడు. నిజమే, అయితే ఏమిటట! నోరుమూసుకుని కొన్నాను.

మా ఆవిడ దేనికీ ఎంత అని అడిగేది కాదు. "ఇది ఎన్నాళ్ళ డ్యూటీ మావా?" అని అడిగేది. వంటింటి గట్టుకి నల్లటి గ్రానైటు చూసి వచ్చి, ఆమెకి అది నచ్చిందని నాకు తెలిసి, ధర చెప్పాను. ఆమె మనసులోనే దాన్ని కాంట్రాక్టు జీతంతో భాగించింది. "అంటే ఒక సలికాలమంతా ఎల్లాలి నువ్వు. ఒద్దు. సిమెంటు గట్టుమీద కూర ఉడకదేటి?" అంది. మెట్లకి రాయి అన్నాను. ఒక వేసంగి అంది, ఒద్దు అంది. బయటి గోడకి రంగు అన్నాను. "ఎవులు సూత్తారు?" అంది.

భాలుబాసాలో ఉండే మా అమ్మాయి, బళ్ళో టీచరు, ఒకరోజు వచ్చి తల్లికోసం నాతో పోట్లాడింది. మేం తెలుగులో మాట్లాడితే తను హిందీలో జవాబు చెబుతుంది, చిన్నప్పటినుంచీ అంతే. "పాపా, ఆజ్‌కల్ కోయీ ఐసా కిచెన్ నహీ బనాతా!" అంది. ఈ రోజుల్లో ఇలాంటి వంటిల్లు ఎవరూ కట్టరట. వాళ్ళమ్మ దానిమీద విరుచుకుపడింది. "కట్టకపోతే మానీ. మాకు ఇదే బాగుంతాది. నువ్వు మీ నాన్నని మళ్ళా క్రేను ఎక్కించకు." అమ్మాయి మూతి ముడుచుకుని టీ తాగి వెళ్ళిపోయింది.

అలా ఆమె ఒక్కొక్కటీ వదులుకుంటూ పోయింది. నేను మాత్రం ఒక్కటి వదల్లేదు.

వెనక వైపు గది. పాత ఇంట్లో అది లేదు. స్లాబు వేస్తున్నాం కదా అని వెనక ఖాళీ జాగాలో కొత్తగా కలిపించాను. దానికి రెట్టింపు మందం గోడ పెట్టమన్నాను. కిటికీ వద్దన్నాను. తలుపు కింద గాలి కూడా దూరకూడదన్నాను. మిస్త్రీ నా మొహం చూసి, "గోదామా, చాచా?" అన్నాడు. కాదు, పడకగది అన్నాను. వాడు నవ్వాడు. కిటికీ లేని పడకగదిలో ఎవరు పడుకుంటారని అడిగాడు. నా ఇల్లు, నా గోడ, నీకు చెప్పిన పని నువ్వు చెయ్యవయ్యా అని గయ్యిమన్నాను. "హో జాయేగా," అన్నాడు వెంటనే.

ఆ గది గురించి నేను ఎంతకాలంగా కలగన్నానో చెబితే నవ్వుతారు. షిఫ్టు మనిషి కోరుకునేది బంగారం కాదు, పగటిపూట చీకటి. క్వార్టరు కిటికీలకి నేను అట్టముక్కలు కొట్టాను, పాత కంబళ్ళు కట్టాను, నల్ల కాగితం అంటించాను. అయినా ఎండ ఎక్కడో ఒక సందు వెతుక్కుని సరిగ్గా నా కనురెప్పమీదికే వచ్చేది. కళ్ళమీద తువ్వాలు వేసుకుంటే చెమట. తీస్తే వెలుగు. అలా ముప్పై ఏళ్ళు సగం మెలకువలో పడుకున్న మనిషికి ఒక గది, ఒకే ఒక్క గది, పట్టపగలు అమావాస్యలా ఉండేది, కావాలనిపించదా? గ్రానైటు పోయినా, రంగు పోయినా, ఆ గోడలో ఒక్క ఇటుక తగ్గించడానికి నేను ఒప్పుకోలేదు.

క్యాంటీన్లో మావాళ్ళకి ఆ గది గురించి చెబితే టీ గ్లాసులు పక్కన పెట్టి విన్నారు. అందరూ ఆపరేటర్లే, ఫిట్టర్లే, అందరూ షిఫ్టు మనుషులే. "వాహ్! ఐసా కమ్‌రా హోనా చాహియే," అన్నాడొకడు. గది అంటే అలా ఉండాలట. ఇంకొకడు గోడ మందం అడిగి తెలుసుకున్నాడు, వాడూ రిటైరవుతున్నాడు, వాడూ కట్టించుకుంటాడట. ఇంతమందిమి, ఒక్కడికైనా అసలు సంగతి తట్టలేదు చూడండి.

మా ఆవిడ అప్పుడప్పుడు పని చూడ్డానికి వచ్చేది గానీ, ఆ గది సామాన్లకీ బియ్యం బస్తాలకీ అనుకుంది. "దొంగల భయమేటి మావా, ఇంత గోడ?" అని ఒకసారి అంది. "ఉండనీ," అన్నాను. అంతకంటే మాట్లాడుకోలేదు.

ఢలాయి రోజు, అంటే స్లాబు పోసే రోజు, ఆమె పసుపూ కుంకుమా తెచ్చి కాంక్రీటు కలిపే మిషనుకి బొట్టు పెట్టింది. పనివాళ్ళందరికీ మాంసం కూరా అన్నం పెట్టడం ఇక్కడి మర్యాద. స్వయంగా వండింది. తట్టలు ఒక చేతినుంచి ఇంకో చేతికి పైకి పోతుంటే, మిషను గిరగిర తిరుగుతుంటే, ఆమె కొంగు బొడ్లో దోపుకుని నా పక్కన నిలబడి, "ఇంక అయిపోనట్టే కదా మావా," అంది. ఆ గొంతులో ఎంత ఆశ ఉందో అప్పుడు నాకు పట్టలేదు. నేను మబ్బులు చూస్తున్నాను, ఎక్కడ వాన పడి నా స్లాబు పాడుచేస్తుందోనని.

కొన్ని వారాలకి సెంట్రింగు విప్పారు. వెనక గదికి లోపల గిలాబు, అంటే సిమెంటు పూత, అయింది, తలుపు బిగించారు. ఇంక ఆగలేకపోయాను. ఆ వారం నాది నైటు డ్యూటీ. పొద్దున్న దిగి, క్వార్టరుకి వెళ్ళకుండా, షేరు ఆటో ఎక్కి వంతెన దాటి మాంగో వచ్చేశాను. మధ్యాహ్నం అన్నం అక్కడికే తెమ్మని ఆమెకి ఫోను చేశాను. గదిలో చాప పరిచి తలుపు వేశాను. నా చెయ్యి నాకు కనపడలేదు. బయట మాంగో బజారంతా అరుస్తూ ఉంటుంది ఆ వేళకి, లోపలికి చిన్న గొణుగు మాత్రం వచ్చింది. తడి సిమెంటు వాసన. ఒళ్ళు ఆ చల్లదనంలోకి మెల్లగా దిగింది.

కల వచ్చింది. క్రేను ఉంది, కానీ షెడ్డు లేదు, పైన ఆకాశం. హుక్కుకి సువర్ణరేఖని తగిలించుకున్నాను. నది మొత్తం, ఇసకతో, ఒడ్డునున్న గడ్డితో, చుక్క ఒలక్కుండా లేచింది. దాన్ని నెమ్మదిగా నడిపించుకొచ్చి మా గుమ్మం ముందు దించాను. కిందనుంచి సిగ్నలు ఇచ్చేవాడు లేడు, తొందరపెట్టేవాడు లేడు. నది సర్దుకుని పడుకుంది. అంత హాయైన నిద్ర నేను పెళ్ళికి ముందు కూడా పోలేదు.

తలుపు తెరుచుకునేసరికి వెలుగు మొహంమీద కొట్టింది. మా ఆవిడ కేరేజీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏటిది మావా? ఈ సీకట్లో పడుకున్నావేటి?"

"ఎలాగుందే?" అన్నాను గర్వంగా లేచి కూర్చుని. "తలుపేసి సూడు. సూదిమొనంత ఎలుగొత్తాదేమో సూడు!"

"సామాన్ల గది కాదేటి ఇది?"

"సామాన్లేటి! నా పడకగది. పగలు పడుకోడానికి కట్టించినాను."

 ఆమె చాలా మెల్లగా అడిగింది. "పగలెందుకు పడుకుంతావు?"

"నైటు డ్యూటీ దిగొచ్చినోడు పగలు కాక ఎప్పుడు పడుకుంతాడే?" అనేశాను.

నవ్వుతూనే అన్నాను. నా మాట నాకు వినపడ్డానికి కొంచెం టైము పట్టింది. ఆమె మొహం చూశాక వినపడింది.

"ఒప్పీసుకున్నావన్నమాట," అంది.

"నేదే! ఎవులికీ ఒప్పుకోనేదు. నాను... మరిసిపోనాను."

"ఏటి మరిసిపోనావు?"

"రిటైరైతే రాత్రి పడుకోవచ్చని."

దేవుడి సాక్షిగా అదే నిజం. ఏడాదిపాటు రాత్రులకోసం కలలుగన్న మనిషిని, అదే ఏడాది ఇటుక ఇటుకా దగ్గరుండి పగటి నిద్రకి గది కట్టించాను. ఆ రెండూ ఒక తలలోనే ఉన్నాయి, ఒకదానికొకటి ఎదురుపడలేదు. రాత్రి అయితే ఊరికే చీకటి వస్తుందని, దానికి రెట్టింపు గోడ అక్కర్లేదని, నాకు తట్టలేదు. ఇది చెబితే ఎవరు నమ్ముతారు? నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఆమె అస్సలు నమ్మలేదు. కేరేజీ ఠప్పున నేలమీద పెట్టింది. "ఓలమ్మో! రాత్రి పడుకోవచ్చని మరిసిపోయిన మనిసిని నిన్నే సూసినాను. గ్రానైటు ఒద్దన్నాను. మెట్లకి రాయి ఒద్దన్నాను. పిల్ల నా గురించి అడిగితే దాన్ని తిట్టి పంపీసినాను. ఎందుకు? నువ్వు ఇంటికాడుంతావని. నువ్వేమో డ్యూటీకి గది కట్టీసుకున్నావు. నాకొక మాట సెప్పినావేటి?"

"అది కాదే..."

"ఏటి కాదు? నీ మనసుకి తెలుసు నువ్వు మళ్ళా ఎల్తావని. నీకు తెలీకపోతే గోడకి తెలుసు."

నాకు కోపం వచ్చింది, ఆమెమీద కాదు, ఎవరిమీదో తెలీదు. అన్నం తినబుద్ధి కాలేదు. ఆమె కూడా తినలేదు. కేరేజీ వచ్చినట్టే మూత తియ్యకుండా మళ్ళీ మాతో ఆటో ఎక్కింది.

వంతెనమీద ఎప్పట్లాగే జామ్. ఆటో ముందు ఆటో, దాని ముందు బస్సు, ఎవరూ కదలరు. వానలకి నిండిన నది కింద బురదరంగులో నిదానంగా పోతోంది. ఆమె మొహం నదివైపు తిప్పుకుని కూర్చుంది. కళ్ళు తుడుచుకుంటోందని వెనకనుంచే తెలిసింది.  ఆమె అన్నది నిజమేనేమో. ఇల్లు ఇంకా పెరుగుతుంది, ఇంకా డబ్బు తింటుంది, నేను చూద్దాం చూద్దాం అంటూ ఒకరోజు వెళ్ళి మళ్ళీ ఆ క్యాబిన్ మెట్లెక్కుతాను. ఎక్కేవాడినే. అందుకే నా చేతులు ముందుగానే ఆ గది కట్టేశాయి.

ఫోను తీసి ఏజెన్సీ సూపర్‌వైజరుకి కొట్టాను. హారన్ల మోతలో వాడికి నా మాట వినపడదు, నాకు వాడి మాట వినపడదు.

"నహీ కరేంగే!" అని అరిచాను. రిటైరయ్యాక డ్యూటీ చెయ్యను, అని. "హా, రిటైర్మెంట్ కే బాద్! డ్యూటీ నహీ కరేంగే! నహీ! కభీ నహీ!"

ఆటోలో అందరూ నా వైపు తిరిగారు. పక్కన కూర్చున్న ముసలమ్మ "క్యా నహీ కరోగే, బేటా?" అంది కంగారుగా, ఏం చెయ్యవని. "నౌక్‌రీ, మాయీ," అన్నాను. ఉద్యోగం అనగానే ఆవిడ అయ్యో అన్నట్టు నా తలకాయ వైపు చూసింది. డ్రైవరు కూడా అద్దంలోంచి చూశాడు. మా ఆవిడ మాత్రం తిరగలేదు. నది వైపే చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని వంగి చూస్తే నవ్వు ఆపుకుంటోంది.

ఆటో వంతెన దిగాక నా వైపు తిరిగింది. "అయితే టైల్సు కూడా ఒద్దు మరి," అంది. "సిమెంటు నేల సాలు. ముందు ఆ గోడకి కిటికీ ఎట్టించు."

మర్నాడు మిస్త్రీకి పని ఆపమన్నాను. బయట గిలాబు లేదు, రంగు లేదు, టైల్సు లేవు, ఉన్నది ఉన్నట్టు వదిలెయ్. వాడు మొట్టమొదటిసారి హో జాయేగా అనలేదు. సగంలో వదిలేసిన ఇల్లు బాగుండదు చాచా, చూసినవాళ్ళు నన్ను తిడతారు అన్నాడు. తిట్టనీ అన్నాను. ఒక్క పని మిగిలింది, వెనక గది గోడ పగలగొట్టి కిటికీ పెట్టు, అన్నాను. వాడు నా మొహం చూసి, గోడ చూసి, మళ్ళీ నా మొహం చూశాడు. వాడు నోటితో అనలేదు గానీ ఏమనుకున్నాడో నాకు బాగా తెలుసు.

ఆ గోడ పగలడానికి నానా చావు వచ్చింది. నేనే కదా దగ్గరుండి సిమెంటు ఎక్కువ వేయించింది! ఇద్దరు మనుషులు సుత్తులు మార్చుకుంటూ కొట్టారు. దుమ్ములో నిలబడి, నా డబ్బు నేనే పొడి చేయించుకుంటూ చూశాను.  సాయంత్రానికి ఒక ఇటుక అవతలికి పడింది. ఆ బెజ్జంలోంచి పక్కింటి మునగచెట్టు కొమ్మ, దాని వెనక దూరంగా దల్మా కొండ ముక్క కనిపించాయి. అక్కడ కొండ కనిపిస్తుందని ఇన్నేళ్ళలో మాకు తెలీదు.

రిటైరైన రోజు దండ వేశారు, స్వీటు డబ్బా ఇచ్చారు. క్వార్టరు తాళాలు ఇచ్చేసి మాంగో వచ్చేశాం. ఎర్ర ఇటుకలు బయటికి కనబడుతున్న ఇల్లు, సిమెంటు నేల, సిమెంటు గట్టు. వీధిలో వాళ్ళు పని మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారని అడుగుతూనే ఉన్నారు. మొదట్లో సమాధానం చెప్పేవాణ్ణి. తరవాత నవ్వి ఊరుకున్నాను.

మొదటి రోజుల్లో నా ఒంటికి వేళలు తెలియలేదు. పగలు తూగేవాణ్ణి. చీకటి పడితే కళ్ళు పత్తికాయల్లా విచ్చుకునేవి. ఒక తెల్లవారుజామున మాత్రం బాగా పట్టింది. ఎంతసేపు పడుకున్నానో తెలీదు. కిటికీలోంచి ఎండ వచ్చి మొహంమీద పడింది. తిట్టబోయి, ఎవరిని తిట్టాలో తోచక, పక్కకి తిరిగాను.

మా ఆవిడ నిద్రపోతోంది.

నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుంది. బొట్టు పక్కకి జరిగింది. కనుబొమలమధ్య ఉండే గీత లేదు. ఎవరో తెలియని చిన్నపిల్లలా ఉంది. నేను ఊపిరి బిగబట్టి చూశాను, ఎందుకంటే నాకు అప్పుడే తెలిసింది, ఆమెని నిద్రలో నేను ఎప్పుడూ చూడలేదని. పొద్దుటి డ్యూటీ వారం నాకంటే ముందు లేచి పొయ్యి వెలిగించేది. మధ్యాహ్నం డ్యూటీ వారం నేను వచ్చేదాకా అన్నం పెట్టుకుని కూర్చునేది. నైటు డ్యూటీ వారం నేను లేను. సెలవు రోజున కూడా అలవాటు మానేది కాదు. పెళ్ళయిన కొత్తలో చూశానేమో, గుర్తులేదు. నా నిద్ర పోయిందని ముప్పై ఏళ్ళు ఊరంతా చెప్పుకున్నాను. పోయింది ఎవరి నిద్రో ఆ ఎండలో కనపడుతోంది.

నా చూపు తగిలిందో ఏమో, ఉలిక్కిపడి లేచింది. కళ్ళు సగమే తెరిచింది.

"మావా! ఇంతెండెక్కిపోనాది! కేరేజీ కట్టనేదు!"

"కట్టక్కర్నేదు," అన్నాను. "పడుకో."

ఆమె నమ్మనట్టు నా మొహంలోకి చూసింది. కిటికీ వైపు చూసింది. తరవాత మళ్ళీ పడుకుంది.